కొత్త టైర్లు వెనకే వేయించండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీలో ఇద్దరికి ఈ ఏడు లైసెన్సు వచ్చిందని తెలిసి సంతోషించాను. వానల్లో అరకు చూడాలని, కారు మేమే నడుపుతామని ఫోన్‌లో అన్నప్పటి నుంచి మాత్రం ఒకటే టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

నేను అంబాసిడర్ మీద నేర్చుకున్నాను. దాని ఇంజను ముందున్నా, బండిని తోసేది వెనక చక్రాలు. 1983లో వచ్చిన మారుతి 800లో ఇంజన్ను అడ్డంగా పెట్టి ముందు చక్రాలకే శక్తి ఇచ్చారు. 1959లో ఇంగ్లండులో మినీ కారుకు అలెక్ ఇసిగోనిస్ చేసిన ఏర్పాటు లాంటిదే ఇది. ఇప్పుడు మీ ఇళ్లలో ఉన్న చిన్నకార్లూ ఇలాంటివే. లోపల చోటు కలిసొస్తుంది. కానీ ముందు టైర్ల మీద ఎంత పని పడుతుందో చూడండి. బండిని లాగాలి, తిప్పాలి, బ్రేకు వేస్తే ఎక్కువ భారం అవే మోయాలి. కారు బరువులో సుమారు 60 శాతం కూడా వాటి మీదే.

టైరు పట్టుకు ఒక హద్దుంది. అది 100 అనుకుందాం. మలుపు తిరగడానికి 80 ఖర్చయితే లాగడానికి 20 మిగులుతుందనిపిస్తుంది. నిజానికి 60 మిగులుతుంది. ఒక బలం పక్కకు, ఇంకొకటి ముందుకు పనిచేస్తాయి కాబట్టి ఇక్కడ మీరు బళ్లో చదివిన పైథాగరస్ లెక్క వర్తిస్తుంది. 80 వర్గం, 60 వర్గం కలిపితే 100 వర్గం. ఈ లెక్క తెలిసిన రోజు నాకెంత ఆనందమేసిందో! అయితే మలుపుకే 100 అయిపోతే యాక్సిలరేటర్‌కు మిగిలేది సున్నా. పైగా మలుపుకు కావలసిన పట్టు వేగం వర్గంతో పెరుగుతుంది. 40లో తిరిగిన మలుపే 56లో తిరగాలంటే దాదాపు రెట్టింపు పట్టు కావాలి.

హద్దు దాటితే ముందు టైర్లు జారతాయి. మీరు స్టీరింగ్ తిప్పుతూనే ఉంటారు, కారు మాత్రం మలుపు బయటి అంచు వైపు పోతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. చేతిలో స్టీరింగ్ తేలికైపోయినట్టు తెలుస్తుంది. కంగారులో అందరూ ఇంకా తిప్పుతారు. జారుతున్న టైరును ఇంకా అడ్డం తిప్పితే పట్టు రాదు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, స్టీరింగ్ కొద్దిగా వెనక్కి ఇవ్వాలి. వేగం తగ్గగానే టైరు మళ్లీ రోడ్డును పట్టుకుంటుంది.

మెల్లగా అని ఎందుకన్నానో చెబుతాను. ఒకసారి మా మారుతికి ముందు టైర్లు అరిగిపోయాయి. ముందు చక్రాలే కదా కష్టపడేవి అని షాపులో కొత్తవి రెండూ ముందే బిగించారు. నాకూ సబబే అనిపించింది. సగం అరిగినవి వెనక ఉండిపోయాయి. ఆ జూలైలోనే అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు దిగుతున్నాం. సన్నగా వాన. ఒక మలుపు మధ్యలో వేగం ఎక్కువైందనిపించి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాను. బరువంతా ముందుకు వాలి వెనక తేలికైంది. కొత్త టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకున్నాయి, అరిగినవి తడి రోడ్డును వదిలేశాయి. వెనక భాగం బయటికి తిరిగింది. కారు గిర్రున తిరిగి, వచ్చిన దారివైపే చూస్తూ కొండ పక్కన కాలవలో ఆగింది. మీ మామ్మ నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తే. ఆ నిమిషంలో ఎదురుగా బస్సు రాలేదు.

అదీ ఓవర్‌స్టీర్. ముందు చక్రాలు లాగే కార్లకు అది రాదని అప్పటిదాకా నమ్మాను. ముందు టైరు జారితే స్టీరింగ్ ద్వారా చేతికి తెలుస్తుంది, తమాయించుకునే వీలుంటుంది. వెనక టైరు జారేముందు ఏదీ చెప్పదు. అందుకే రెండే కొత్తవి కొంటే అవి వెనక్కే వెళ్లాలి, ఏ చక్రాలు బండిని లాగినా సరే.

వెనక జారితే, అది ఎటు జారుతోందో స్టీరింగ్ అటే తిప్పాలి. బ్రేకు తొక్కకూడదు. ముందు చక్రాలు లాగే కారులో యాక్సిలరేటర్ కాస్త ఇస్తే బరువు వెనక్కి వచ్చి కారు సర్దుకుంటుంది. ఇది చదివితే వచ్చే విద్య కాదు, నేర్పేవాళ్లతో ఖాళీ మైదానంలో సాధన చేయాలి. 1962, 1963 మాంటే కార్లో కారు ర్యాలీ పోటీలు గెలిచిన ఎరిక్ కార్ల్‌సన్ లాంటివాళ్లు ఎడమ కాలితో బ్రేకు నొక్కి, వెనక భాగాన్ని కావాలనే తిప్పేవారు. ఘాట్ రోడ్డు మీద ఆ ప్రయత్నం మీరు చేయకండి. మీ కొత్త కారులో ఈఎస్‌సీ, అంటే కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటే, ముందు టైర్లు జారినప్పుడు లోపలి వెనక చక్రానికి, వెనక జారినప్పుడు బయటి ముందు చక్రానికి అదే బ్రేకు వేస్తుంది. అరిగిన టైరుకు మాత్రం అదీ పట్టు తేలేదు.

టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లుంటాయి. పైభాగం వాటికి సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టే, చట్టం ఒప్పుకునే హద్దు అదే. వాన రోడ్డుకు అంతవరకూ ఆగకండి. బయల్దేరే ముందు నాలుగు టైర్ల ఫోటోలూ నాకు పంపండి, స్టెప్నీది కూడా.

మీ తాతయ్య