మూడు చుక్కలు ఎందుకు రాలేదంటే

చిన్నీకి, బంటీకి బాబాయి ఆశీస్సులు.

నిన్న రాత్రి మీరు పంపిన ఫొటో చూశాను. నానమ్మ పాల లెక్క కోసం మీరు చేస్తున్న ఆండ్రాయిడ్ యాప్ ముచ్చటగా ఉంది. తేదీ, ఉదయం అర లీటరు, సాయంత్రం పావు లీటరు, అన్నీ వరసగా ఉన్నాయి. పైన కుడివైపు రావాల్సిన, నొక్కితే మెనూ తెరుచుకునే మూడు చుక్కలే లేవు. చుక్కలు లేవు కాబట్టి ‘నెల మొత్తం’ లేదు, ‘చెరిపెయ్యి’ లేదు. వీడియోలో చూపించినట్టే పొల్లుపోకుండా రాశామని, మూడుసార్లు మొదటినుంచి చేశామని, చిన్నీకి ఏడుపొక్కటే తక్కువని బంటీ రాశాడు. ఫోన్లో చెబితే సగం చెవి దాటిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను, పక్కన పెట్టుకుని పని చేసుకోండి.

ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీరు పంపిన రెండు ఫైళ్లూ చదివాను. మెనూ ఫైల్లో ఐటెమ్‌లు సరిగ్గానే ఉన్నాయి. దాన్ని తెరిచే ఫంక్షన్ కూడా సరిగ్గానే ఉంది, చివర ‘రిటర్న్ ట్రూ’ మర్చిపోలేదు. అక్కడ ‘ఫాల్స్’ అని రాసి ఉంటే మెనూ కనిపించేది కాదు. మీ తిప్పలకు కారణం మీరు ఇంతవరకూ తెరిచి కూడా చూడని ఫైల్లో ఉంది.

బట్టలు ఉతికి, పిండి, బకెట్లో వేసుకుని మేడమీదికి వెళ్లారనుకోండి. తీరా చూస్తే అక్కడ దండెం లేదు. బట్టల్ని మళ్లీ ఎన్నిసార్లు ఉతికితే మాత్రం ఏం లాభం? మీరు మూడుసార్లు చేసింది అదే. ఆండ్రాయిడ్‌లో ఆ దండెం పేరు యాక్షన్ బార్. యాప్ పేరు కనిపించే పై పట్టీ అన్నమాట. మెనూ దానికే వేలాడాలి. మీ ఫొటోలో యాప్ పేరు కూడా ఎక్కడా లేదు, గమనించారా? నాకు అనుమానం వచ్చింది అక్కడే.

మీరు చూసింది కొన్నేళ్ల కిందటి వీడియో. అప్పట్లో ఆండ్రాయిడ్ స్టూడియోలో కొత్త ప్రాజెక్టు తెరిస్తే ఆ పట్టీ దానంతటదే వచ్చేది. యాప్ రంగూ రూపూ నిర్ణయించే థీమ్ పేరు చివర ‘డార్క్ యాక్షన్ బార్’ అని ఉండేది. ఇప్పుడు ‘ఎంప్టీ వ్యూస్ యాక్టివిటీ’ ఎంచుకుంటే మెటీరియల్ 3 థీమ్ వస్తుంది, దాని పేరు చివర ‘నో యాక్షన్ బార్’ అని ఉంటుంది. పట్టీ కావాలంటే మీరే తెచ్చుకోండి అని దానర్థం. వీడియో చేసినాయన అబద్ధం చెప్పలేదు, మీరు తప్పు చెయ్యలేదు. మధ్యలో కాలం మారింది, అంతే.

ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎడమవైపు ‘వాల్యూస్’ కింద ‘థీమ్స్’ ఉంటుంది, తెరవండి. ఒకటి కాదు, రెండు ఫైళ్లు కనిపిస్తాయి. రెండోదాని పక్కన ‘నైట్’ అని ఉంటుంది. అది ఫోన్ డార్క్ మోడ్‌లో ఉన్నప్పుడు వాడే థీమ్. పగటి ఫైలొక్కటే మార్చి, డార్క్ మోడ్‌లో ఉన్న ఫోన్లో చూసుకుని, ‘మార్చినా రాలేదు’ అని తల పట్టుకున్నవాళ్లను నేను చూశాను.

అయినా మీరు థీమ్ మార్చొద్దు. లేఅవుట్‌లో, అంటే స్క్రీన్ మీద ఏది ఎక్కడ ఉండాలో చెప్పే ఫైల్లో, పైన మెటీరియల్ టూల్‌బార్ ఒకటి పెట్టండి, మీరు తెచ్చుకునే పట్టీ అదే. తర్వాత మెయిన్ యాక్టివిటీలో ‘సెట్ కంటెంట్ వ్యూ’ లైన్ అయ్యాక, ‘సెట్ సపోర్ట్ యాక్షన్ బార్’ అని పిలిచి ఆ టూల్‌బార్‌ని అందించండి. లైన్ల వరస తప్పకూడదు. లేఅవుట్ తెరవకముందే టూల్‌బార్‌ని అడిగితే అది దొరకదు. థీమ్‌లో పట్టీ ఉంచి, మీరూ ఇంకోటి పెట్టినా యాప్ తెరవగానే పడిపోతుంది, దీనికి ముందే ఒక యాక్షన్ బార్ ఉందని ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. పాల లిస్టును స్క్రీన్ పైఅంచుకు కట్టారు కదా, దాన్ని విప్పి టూల్‌బార్ కింది అంచుకు కట్టండి. లేకపోతే లిస్టు వచ్చి టూల్‌బార్ మీద కూర్చుంటుంది.

అదే మెయిన్ యాక్టివిటీలో, ‘ఆన్‌క్రియేట్’ అనే ఫంక్షన్‌లో ‘ఇన్‌సెట్స్’ అంటూ నాలుగైదు లైన్లు ఉంటాయి. అర్థం కాలేదని వాటిని తీసెయ్యకండి. ఆండ్రాయిడ్ 15 వెర్షన్‌కి చేసిన యాప్ ఆ వెర్షన్ ఉన్న ఫోన్లలో స్క్రీన్ నిండా, గడియారం, బ్యాటరీ బొమ్మల వెనక దాకా పాకుతుంది. మీ టూల్‌బార్‌ని వాటి కిందికి దించేది ఆ లైన్లే.

ఇదంతా చూడకుండా నేను మీ చోట ఉంటే ఏం చేసేవాణ్నో కూడా చెబుతాను, ఎందుకంటే రేపు మాయమయ్యేది మెనూ కాకపోవచ్చు. మెనూ తెరిచే ఫంక్షన్‌లో మొదటి లైనుగా ఒక లాగ్ పెడతాను, అంటే యాప్ అక్కడిదాకా వస్తే ఒక మాట రాసి చూపించే లైను. ‘మెనూ దాకా వచ్చాను’ అని తెలుగులోనే రాసినా పరవాలేదు. యాప్ నడిపి, అలాంటి మాటలు కనిపించే లాగ్‌క్యాట్‌లో దానికోసం చూస్తాను. అది కనిపించకపోతే ఆ ఫంక్షన్‌ని ఎవరూ పిలవలేదన్నమాట. పట్టీ లేకపోతే మీకు జరిగేది అదే. ఫంక్షన్ పేరు స్పెల్లింగ్ తప్పి, ముందు ‘ఓవర్‌రైడ్’ అన్న మాట కూడా వదిలేసినా అంతే, కంపైలర్ కిక్కురుమనదు. మాట కనిపిస్తే మాత్రం ఫంక్షన్ నడిచినట్టే, మెనూ కంటికి ఆనడం లేదంతే. అప్పుడు రంగు చూడాలి, తెల్ల పట్టీ మీద తెల్ల చుక్కలు ఎవరికి కనిపిస్తాయి? ఒక్క లైనుతో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

ఈ పద్ధతి నాకు ఊరికే రాలేదు. 2012లో హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక యాప్ చేశాను. నా ఫోన్లో మూడు చుక్కలు వచ్చేవి, దాన్ని వాడాల్సినాయన ఫోన్లో వచ్చేవి కావు. రెండు రాత్రులు మెనూ ఫైలు మార్చుకుంటూ కూర్చున్నాను. సంగతేమిటంటే, 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ నుంచీ మెనూ కోసం ఫోన్ మీదే ఒక బటన్ ఉండేది. 2011లో ఆండ్రాయిడ్ 3.0తో యాక్షన్ బార్ వచ్చింది. అయినా బటన్ ఉన్న ఫోన్లు చాలాకాలం వచ్చాయి. అలాంటి ఫోన్లో, బటన్ ఉందిగా అని, ఆండ్రాయిడ్ చుక్కల్ని చూపించేది కాదు. 2013లో 4.4 వచ్చాకే ఏ ఫోన్లోనైనా చుక్కలు రావడం మొదలైంది. ఆయన చేత ఆ కింది బటన్ నొక్కించగానే నా మెనూ మొత్తం లేచి నిలబడింది. మొదటి రాత్రే ఒక లాగ్ పెట్టి ఉంటే, మెనూ ఎక్కడికీ పోలేదని అయిదు నిమిషాల్లో తెలిసేది.

తర్వాత యాప్‌ని ఫ్రాగ్మెంట్లుగా, అంటే స్క్రీన్ ముక్కలుగా, విడగొట్టాలని బంటీ రాశాడు. అప్పుడు మెనూ సంగతి వేరే ఉంటుంది, ‘మెనూ ప్రొవైడర్’ అని. అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను.

ఇక నానమ్మ గురించి ఒక్క మాట. గుమ్మం పక్కన క్యాలెండర్ మీద గళ్లలో పాల లెక్క రాసుకునే మనిషి ఆవిడ. మూడు చుక్కల వెనక ఏదో ఉందని ఆవిడకు ఎలా తెలుస్తుంది? అందుకే ‘నెల మొత్తం’ ఐటెమ్‌కి ‘షో యాజ్ యాక్షన్’ దగ్గర ‘ఆల్వేస్’ అని పెట్టండి, ఆ మాట పట్టీ మీదే కనిపిస్తుంది. ‘షో యాజ్ యాక్షన్’ ముందు ‘ఆండ్రాయిడ్’ అని కాకుండా ‘యాప్’ అని ఉండాలి. లేకపోతే మీ మాట వినకుండా మళ్లీ చుక్కల వెనకే దాక్కుంటుంది. ‘చెరిపెయ్యి’ మాత్రం చుక్కల వెనకే ఉండనివ్వండి. పొరపాటున వేలు తగిలితే నెల లెక్కంతా పోతుంది, మళ్లీ పాలబ్బాయితో పేచీ.

ప్రేమతో,
మీ బాబాయి