నెలవారీ అమ్మకాల క్వెరీ: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో షాపుల బిల్లింగ్ లెక్కలు చూస్తుంటాను. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. కొనేవాళ్ళు రెండు వైపుల నుంచీ వస్తారు. ఎవరొచ్చినా షావుకార్లు నన్నడిగేది మాత్రం ఒకటే: నెలకెంత అమ్మాం? అదే ప్రశ్న డేటాబేస్‌కు అర్థమయ్యేలా రాస్తే దాన్ని క్వెరీ అంటాం.

అపోహ: నెల పేరు మీద గ్రూప్ బై (ఒకే విలువ ఉన్న వరుసలను ఒక గుంపుగా చేర్చే ఆదేశం) పెడితే చాలు.
మొదట్లో నేనూ అదే చేశాను. ఒక బట్టల షాపాయన అక్టోబర్ అమ్మకాల మొత్తం చూసి మురిసిపోయారు. తీరా చూస్తే అందులో మూడేళ్ళ అక్టోబర్లు కలిసిపోయి ఉన్నాయి! పైగా నెలలు ఇంగ్లిష్ అక్షర క్రమంలో వచ్చి, ఏప్రిల్ పక్కన ఆగస్టు కూర్చుంది. సంవత్సరం, నెల కలిపి 2025-10 లాగా తీసుకుంటే రెండు తలనొప్పులూ పోతాయి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో అయితే డేట్ ట్రంక్ ఫంక్షన్ ప్రతి తేదీనీ ఆ నెల ఒకటో తేదీకి తెచ్చిపెడుతుంది.

అపోహ: 30 రోజుల చొప్పున విడగొట్టినా అంతే.
జనవరి 1న మొదలుపెట్టి చూడండి. రెండో ముక్క జనవరి 31నే మొదలవుతుంది.

అపోహ: డేటాబేస్‌లో ఉన్న తేదీయే మన తేదీ.
చాలా సిస్టమ్‌లు సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో దాస్తాయి. అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 5 గంటలకు అమ్మిన పాల ప్యాకెట్టు మార్చిలోకి, అంటే పోయిన ఆర్థిక సంవత్సరంలోకి వెళ్ళిపోతుంది. ముందు టైమ్‌ను మన సమయంలోకి మార్చుకుని, తర్వాత నెల తీయాలి. బట్టల షాపుకు ఆ వేళ బేరం ఉండదు కాబట్టి ఈ తప్పు నాకు చాలాకాలం కనబడనే లేదు.

అపోహ: అంకెలా కనిపిస్తే కూడిక సరిగ్గా వస్తుంది.
1,250 అని కామాతో సహా టెక్స్ట్‌గా నిల్వైతే, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ దాన్ని 1గా కూడుతుంది. కామా తీసేసి కూడండి.

అపోహ: అమ్మకం లేని నెల సున్నాగా వస్తుంది.
గ్రూప్ బైలో ఆ వరుసే రాదు. నెలల పట్టిక విడిగా పెట్టుకుని దానికి అమ్మకాలను లెఫ్ట్ జాయిన్ చేయాలి, అంటే అమ్మకం లేకపోయినా నెల మిగిలేలా కలపాలి. స్ప్లంక్ అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లోని టైమ్‌చార్ట్ ఆదేశమైతే ఆ ఖాళీ నెలనూ చూపిస్తుంది.

అపోహ: నిరుటి అక్టోబర్ పక్కన ఈ అక్టోబర్ పెడితే సంగతి తేలిపోతుంది.
"ఏటి బాబూ, బేరం ఇంతలా పడిపోయిందేటి?" అని అదే షాపాయన కంగారుపడ్డారు. క్వెరీలో తప్పేం లేదు. 2024లో విజయదశమి అక్టోబర్ 12న వచ్చింది, 2025లో అక్టోబర్ 2నే వచ్చేసింది. పండగ బట్టల బేరమంతా సెప్టెంబర్‌లోనే అయిపోయింది. ఇప్పుడాయనకు ఆ రెండు నెలలూ కలిపి ఇంకో వరుస వేసి ఇస్తున్నాను.