కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్: నింద లడ్డూ మీద, పని మాయది

కడుపుతో ఉన్న అమ్మాయికి షుగర్ అని రిపోర్టు వచ్చిందంటే ఇంట్లో ముందు మొదలయ్యేది విచారణ. సీమంతంలో ఎన్ని లడ్డూలు తిన్నావు, మామిడిపళ్ళు వద్దంటే విన్నావా, మీ పుట్టింటి వైపు ఎవరికైనా ఉందా అని. చివరి ప్రశ్నలో కొంత అర్థముంది, మొదటి రెండూ ఆ పిల్లని ఏడిపించడానికి తప్ప ఎందుకూ పనికిరావు. షుగర్ లేని గర్భిణుల్లో కూడా చివరి మూడు నెలలకి వచ్చేసరికి, రక్తంలోని గ్లూకోజ్‌ని కణాల్లోకి పంపే ఇన్సులిన్‌కి ఒళ్ళు స్పందించడం దాదాపు సగానికి పడిపోతుంది. తల్లి కండరాలే గ్లూకోజ్ అంతా లాగేసుకుంటే బిడ్డకేం మిగులుతుంది, అందుకని ప్రకృతి చేసుకున్న ఏర్పాటు ఇది. చాలామందిలో క్లోమం రెండింతలకు పైగా ఇన్సులిన్ తయారుచేసి ఎలాగో నెట్టుకొస్తుంది. నెట్టుకురాలేని వాళ్ళకి షుగర్ పెరుగుతుంది.

దీని వెనక ఉన్నది ముఖ్యంగా మాయ, అంటే కడుపులో బిడ్డకి ఆహారం అందించే ప్లాసెంటా. అది వదిలే హార్మోన్లదే బాధ్యతంతా అని చాలాకాలం అనుకున్నారు. 2002లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు కొంతమంది స్త్రీలని గర్భం రాకముందు, వచ్చిన కొత్తలో, చివరి నెలల్లో, మూడుసార్లు పరీక్షించారు. గర్భం రాకముందే మనుషుల్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. తేలిందేమంటే, ఇన్సులిన్ పనితీరు ఎవరిలో ఎంత పడిపోయిందో హార్మోన్ల కంటే బాగా పట్టిచ్చింది టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే పదార్థం. రోగనిరోధక కణాలు ఇన్‌ఫ్లమేషన్ కోసం వాడే సంకేతం అది, మాయ కూడా దాన్ని తయారుచేస్తుంది. అయితే ఆ అధ్యయనంలో ఉన్నది కొద్దిమందే, తర్వాత వచ్చిన ఫలితాలన్నీ ఒక్కమాట మీద లేవు. అందుకని దీన్నొక్కదాన్నే దోషిగా నిలబెట్టడం తొందరపాటేనని నా అభిప్రాయం.

ఇన్‌ఫ్లమేషన్ అంటే దెబ్బ తగిలినచోట ఎర్రబడి వాచడం గుర్తొస్తుంది. ఇక్కడ వాపూ ఉండదు, జ్వరమూ ఉండదు, నివురు కింద నిప్పులా ఉంటుంది. కానీ కణం లోపల అది చేసే పని చాలా కచ్చితమైనది. మామూలుగా ఇన్సులిన్ వచ్చి కణం మీద తన రిసెప్టర్‌ని అంటుకోగానే, లోపల ఐఆర్ఎస్-1 అనే ప్రోటీన్‌కి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉన్నచోట ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్క తగులుకుంటుంది, ఆ కబురు ఒకరి నుంచి ఒకరికి అంది చివరికి గ్లూట్-4 అనే రవాణా ప్రోటీన్లు కణం పైపొరకి చేరి గ్లూకోజ్‌ని లోపలికి తీసుకుంటాయి. టీఎన్ఎఫ్ సంకేతం వస్తే జేఎన్‌కే, ఐకేకే-బీటా లాంటి ఎంజైములు లేచి అదే ఐఆర్ఎస్-1కి సెరీన్ అనే మరో అమైనో ఆమ్లం ఉన్నచోట ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అంతే, ఇన్సులిన్ తలుపు దగ్గరే ఉన్నా కబురు లోపలికి పోదు. ఫాస్ఫేట్ ఒకటే, తగిలిన చోటు మారిందంతే!

విచిత్రమేమంటే 1876లోనే జర్మనీలో ఎబ్‌స్టైన్ అనే వైద్యుడు ఆస్పిరిన్ జాతి మందైన సోడియం సాలిసిలేట్ ఎక్కువ మోతాదులో ఇస్తే మూత్రంలో చక్కెర తగ్గుతోందని రాశాడు. కారణం తెలియలేదు. 2001లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఆ మందు అడ్డుకునేది ఈ ఐకేకే-బీటానే అని బయటపడింది. అలాగని గర్భిణులు ఆస్పిరిన్ మింగేయకండి, అంత మోతాదు తల్లికీ బిడ్డకీ ప్రమాదం. బీపీ ముప్పు ఉన్నవాళ్ళకి డాక్టర్లు ఇచ్చే చిన్న మాత్ర వేరే సంగతి, అది షుగర్ కోసం కాదు.

మన దగ్గర ఇంకో తిరకాసుంది. భారతీయుల్లో చూడ్డానికి సన్నగా ఉన్నా ఒంట్లో కొవ్వు శాతం ఎక్కువగా ఉండటం మామూలే, పుట్టిన బిడ్డల్లోనే ఇలా ఉంటుందని పుణేలో వైద్య పరిశోధకుడు యాజ్ఞిక్ బృందం చూపించింది. పొట్టలో పేరుకున్న కొవ్వు కూడా ఇవే సంకేతాలు పంపుతుంది. కాబట్టి "పీలగా ఉంది, దానికి షుగరేంటి" అనే మాటకి విలువలేదు, అందుకే ఇక్కడ గర్భిణులందరికీ పరీక్ష చేయాలంటారు. మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడోసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి, తిని వెళ్ళినా ఫరవాలేదు, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగిస్తారు. ఆ తీపికి కడుపులో తిప్పుతుంది, అరగంటలోపు వాంతయితే మర్నాడు మళ్ళీ తాగాల్సిందే. రెండు గంటల తర్వాత రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకి 140 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ ఉన్నట్టు.

అన్నం తిన్నాక నడవమని చెప్పేది కూడా ఊరికే కాదు. కండరం కదిలితే గ్లూట్-4 ఇన్సులిన్ కబురు లేకుండానే, వేరే దారిలో పైకి వస్తుంది, ఐఆర్ఎస్-1 దగ్గర అడ్డంకి దానికి తగలదు. డాక్టరు వద్దనకపోతే భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాల నడక చాలామందికి పనికొస్తుంది. అది సరిపోకపోతే మందో ఇన్సులినో వాడాలి, దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కాన్పయ్యాక మాయ బయటికి వచ్చేస్తుంది, చాలామందికి ఇన్సులిన్ అప్పుడే ఆపేస్తారు. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుని ఆ ఫైలు బీరువాలో పెట్టేస్తారు. కానీ ఇలా ఒకసారి షుగర్ వచ్చినవాళ్ళకి తర్వాత టైప్-2 మధుమేహం వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే చాలా రెట్లు ఎక్కువ. ఆరు వారాలకి మళ్ళీ గ్లూకోజ్ పరీక్ష చేయించుకోమంటారు, బాలింతని ఎవరు తీసుకెళ్తారు అని వాయిదా పడుతుంది. బిడ్డకి టీకా కూడా సరిగ్గా ఆరో వారంలోనే ఉంటుంది, దానికి ఎలాగూ వెళ్తారు కదా, అదే రోజు తల్లికీ చేయించండి.