ఐదు శాతం ఎప్పుడు బాకీగా మారింది?

వెబ్‌సైట్లు కట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ గొడవ మళ్లీ వార్తల్లోకొచ్చింది. వర్డ్‌ప్రెస్ సహ వ్యవస్థాపకుడు మ్యాట్ ముల్లెన్‌వెగ్ కంపెనీ ఆటోమాటిక్ మీద, వర్డ్‌ప్రెస్ సైట్లను తన సర్వర్లలో నడిపే (హోస్టింగ్) కంపెనీ డబ్ల్యూపీ ఇంజిన్ కేసు వేసింది 2024 అక్టోబరులో. అసలు సంగతి మాత్రం అంతకు పదేళ్ల ముందుది. నేరుగా అక్కడికే వెళ్దాం.

2014 సెప్టెంబరులో ముల్లెన్‌వెగ్ ఒక పోస్టు రాశారు. వర్డ్‌ప్రెస్‌తో ఎదగాలనుకునే సంస్థలు తమ మనుషుల్లో 5 శాతాన్ని ఉమ్మడి పనికి ఇవ్వాలన్నారు. కోడ్, భద్రత, డాక్యుమెంటేషన్, అనువాదం, ఏదైనా సరే. అప్పుడు ఆయన కంపెనీ ఆటోమాటిక్‌లో 277 మంది ఉన్నారు. ఆ లెక్కన 14 మంది పూర్తిగా ఈ పనిలోనే ఉండాలి. ‘మేమింకా అంతదాకా రాలేదు’ అని అదే పోస్టులో ఒప్పుకున్నారు కూడా. అంటే అది విన్నపమే. కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చనే జీపీఎల్ అనే వర్డ్‌ప్రెస్ లైసెన్సులో ఈ 5 శాతం ఊసే లేదు.

తర్వాత కంపెనీలు వారానికి ఇన్ని గంటలిస్తామని రాసుకునే పద్ధతి వచ్చింది. అక్కడే విన్నపం కాస్తా పద్దుల పుస్తకమైంది. 2024 సెప్టెంబరులో ముల్లెన్‌వెగ్ తీసి చూపించింది ఆ పుస్తకాన్నే: డబ్ల్యూపీ ఇంజిన్ ఇచ్చేది వారానికి 40 గంటలు, ఆటోమాటిక్ ఇచ్చేది వేల గంటలు. అంత పెద్ద హోస్టింగ్ కంపెనీకి 40 గంటలంటే తక్కువే, ఆ మాట కాదనలేం. కానీ అడిగిన తీరు వేరు. వర్డ్‌ప్రెస్ పేరు మీదున్న ట్రేడ్‌మార్క్ వాడుకున్నందుకు ఆదాయంలో 8 శాతాన్ని డబ్బుగానో పనిగానో ఇమ్మన్నారు. ఆ ట్రేడ్‌మార్క్ 2010లోనే లాభాపేక్ష లేని వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్‌కు వెళ్లింది, వ్యాపారానికి వాడుకునే హక్కు మాత్రం ఆటోమాటిక్ దగ్గరే ఉండిపోయింది.

సెప్టెంబరు 25న ముల్లెన్‌వెగ్ డబ్ల్యూపీ ఇంజిన్‌కు, సైట్లు కొత్త వెర్షన్లు తెచ్చుకునే అప్‌డేట్ సర్వర్లు ఆపేశారు. ఇబ్బంది పడింది ఆ కంపెనీ దగ్గర సైట్లు పెట్టుకున్న మామూలు జనం. అక్టోబరులో వర్డ్‌ప్రెస్ సైట్‌లో లాగిన్ అవ్వాలంటే ‘నాకు డబ్ల్యూపీ ఇంజిన్‌తో సంబంధం లేదు’ అని టిక్ పెట్టాల్సి వచ్చింది. తెలుగు అనువాదాలు చేసే వాలంటీర్లకూ అదే లాగిన్ మరి! డిసెంబరు 10న ఆ అప్‌డేట్ సర్వర్లు మళ్లీ తెరవమని కోర్టు ఆదేశించింది.

2025 జనవరిలో ఆటోమాటిక్ కూడా తన వేల గంటలను వారానికి దాదాపు 45కి కోసేసింది, డబ్ల్యూపీ ఇంజిన్‌కు సరిసమానంగా. మే నెలాఖరులో మళ్లీ పనిలోకి వచ్చింది.