పడ్డా నాలుగు గజాలు ముందుకే

ప్రియమైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

థ్యాంక్స్‌గివింగ్ రోజు డల్లాస్ కౌబాయ్స్ జట్టు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట చూస్తూ, టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి మీలో ఒకరు ఫోనులో అడిగారు: "తాతయ్యా, బంతి పట్టుకుని పరిగెత్తే ఆయన పరిగెత్తిన ప్రతిసారీ కిందపడిపోతున్నాడు. ఎప్పుడూ పడిపోయేవాణ్ణి గొప్ప ఆటగాడు అంటారేంటి?" బాగా అడిగారు. పెద్దవాళ్ళకి తట్టని ప్రశ్న ఇది. ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదు కనక ఉత్తరం రాస్తున్నాను.

ఆయన్ని రన్నింగ్ బ్యాక్ అంటారు. మీ ఊరి జట్టులోనే ఎమిట్ స్మిత్ అని ఒకాయన ఉండేవాడు. 1990 నుంచి 2004 దాకా పదిహేను సీజన్లు ఆడాడు. 4,409 సార్లు బంతి అందుకుని పరిగెత్తాడు. అందులో చివరి గీత దాటి టచ్‌డౌన్ చేసింది 164 సార్లు. మిగతా నాలుగువేల పైచిలుకు సార్లూ దాదాపుగా ఎవరో ఒకరు పడగొట్టారు, లేదా పక్కగీత అవతలికి తోసేశారు. అయినా మొత్తం కూడితే 18,355 గజాలు. ఈ ఆటకి అమెరికాలో అన్నిటికన్నా పెద్ద పోటీ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇప్పటిదాకా అంతకన్నా ఎక్కువ పరిగెత్తినవాడు లేడు. కాగితం మీద భాగహారం చేసి చూడండి. సారికి నాలుగు గజాల పైన ఇంకాస్త వస్తుంది. గజానికి మూడడుగులు కనక పన్నెండున్నర అడుగులు. అంతే!

అంత తక్కువైతే సరిపోతుందా అంటే, సరిపోతుంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళిన జట్టుకి మళ్ళీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. నాలుగోది మామూలుగా బంతిని దూరంగా తన్నేయడానికి అట్టే పెట్టుకుంటారు. అంటే చేతిలో ఉన్నవి మూడు. మూడుసార్లూ నాలుగేసి గజాలు వస్తే పన్నెండు, పని అయిపోయింది. సారికి నాలుగు గజాలు తప్పకుండా తెచ్చే మనిషి ఉంటే ఆ జట్టు దగ్గర్నుంచి బంతి లాక్కోవడం ఎవరి తరమూ కాదు.

ఆ నాలుగు గజాలు ఎలా వస్తాయో చెబుతాను. చేలోకి నీళ్ళు పెట్టడం మీరు సెలవుల్లో వచ్చినప్పుడు చూశారు. బోదెలో నీళ్ళొచ్చి గట్టుకి ఆనుకుని నిలబడతాయి. పారతో గండి కొట్టగానే మడిలోకి ఉరుకుతాయి. మా చిన్నప్పుడు కాలవ నీటి వంతు రాత్రిపూట వస్తే మగవాళ్ళంతా పారలు పుచ్చుకుని బయల్దేరేవాళ్ళు, పిల్లలం లాంతర్లు పట్టుకుని వెనకాల నడిచేవాళ్ళం. ఈ ఆటలో బంతి పట్టినవాడు నీరు. ఎదురుగా బారు తీరిన అవతలి జట్టు గట్టు. మన జట్టు ముందువరసలో ఐదుగురుంటారు. నడుమ సెంటర్, ఆయనకి అటొకరు ఇటొకరు గార్డులు, వాళ్ళకి బయటివైపు ఇద్దరు టాకిళ్ళు. మామూలుగా ఒక్కొక్కరూ నూటముప్పై కిలోలకి తగ్గరు. పారలు వాళ్ళ చేతుల్లో ఉన్నాయనుకోండి. ఎదుటివాణ్ణి అడుగో రెండడుగులో పక్కకి తోశారంటే గండి పడ్డట్టే.

ఏ సందులోంచి వెళ్ళాలో ప్రతి ప్రయత్నం మొదలయ్యే ముందే చెబుతారు. సందులకి అంకెలుంటాయి. చాలా జట్లలో కుడివైపువి సరిసంఖ్యలు, ఎడమవైపువి బేసిసంఖ్యలు. అయితే అనుకున్న చోటే గండి పడుతుందన్న భరోసా ఏమీ లేదు. ఒక్కోసారి అక్కడ గట్టు బిగిసి నిలబడి, రెండు బారల అవతల జారిపోతుంది. అప్పుడు నీరేం చేస్తుంది? బిగిసిన చోట తల బాదుకోదు, పల్లమున్న వైపు మళ్ళుతుంది. నీరు పల్లమెరుగు అన్నారు కదా. రన్నింగ్ బ్యాక్ కూడా అంతే. తన గార్డు తల ఎదుటివాడికి ఏ పక్కన ఉందో ముందు చూస్తాడు. తల కుడిపక్కన ఉంటే ఎదుటివాడు ఎడమకి పోతున్నాడన్నమాట, కనక సందు కుడివైపు. ఇదంతా రెండు సెకన్లలోపు చూసి తేల్చుకోవాలి.

కొత్తవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. బంతి అందిందే తడవు ఉన్న వేగమంతా ఒకేసారి వాడేసి, గండి ఇంకా పడకముందే వెళ్ళి సొంత గార్డు వీపుకి గుద్దుకుంటారు. చేయి తిరిగినవాడు క్వార్టర్‌బ్యాక్ (బంతిని అందించేవాడూ, విసిరేవాడూ ఈయనే) వెనక, బంతి ఉన్న గీతకి ఏడు గజాల దూరంలో మొదలుపెట్టి మొదటి రెండు మూడు అడుగులు పొట్టిగా, ఆచితూచి వేస్తాడు. నీళ్ళు గట్టు దగ్గర నిండేదాకా ఆగవూ, అలాగ. సందు కనబడగానే బయటికాలు గట్టిగా నాటి ఒక్కసారే మళ్ళి, అక్కణ్ణుంచి వెనకా ముందూ చూడకుండా దూసుకుపోతాడు. రెండోసారి మళ్ళాడంటే ఆలోగా వెనకనుంచి ఇంకొకడు వచ్చి అందుకుంటాడు. ఎమిట్ స్మిత్ జట్టులో అతనికన్నా వేగంగా పరిగెత్తేవాళ్ళు ఉన్నారు. ఆగాల్సిన చోట ఆగడంలోనూ, మళ్ళాల్సిన చోట మళ్ళడంలోనూ అతనికి సాటి ఎవరూ లేరని నా అభిప్రాయం.

ఆయన ముందు ఇంకొకాయన పరిగెత్తేవాడు. పేరు డారిల్ జాన్‌స్టన్. ఆ స్థానాన్ని ఫుల్‌బ్యాక్ అంటారు. ఈయనకి బంతి ఇచ్చేది ఎప్పుడో గాని కాదు. గండిలోకి ముందు తను దూరి, అవతల కాచుకున్నవాణ్ణి గుద్ది తప్పించడమే పని. ఏళ్ళ తరబడి అలా గుద్దీ గుద్దీ చివరికి మెడ దెబ్బతిని 1999తో ఆట మానేశాడు. 18,355 గజాలు స్మిత్ పేరున ఉన్నాయి గాని, జాన్‌స్టన్‌నీ ఆ ఐదుగురినీ పక్కన పెట్టి ఆ లెక్క చెప్పడం న్యాయం కాదు.

ఇక బంతి సంగతి. బంతి పొడవు పదకొండు అంగుళాలు, బరువు నాలుగువందల గ్రాముల పైన కొంచెం. క్వార్టర్‌బ్యాక్ అందించేటప్పుడు ఆయన వైపున్న మోచెయ్యి పైకెత్తాలి, రెండో చెయ్యి పొట్ట దగ్గర అరచెయ్యి పైకి పెట్టాలి. మధ్యలో బంతి పెట్టడం క్వార్టర్‌బ్యాక్ పని. పరిగెత్తేవాడు బంతిని చూడకూడదు, కళ్ళు గండి మీదే ఉండాలి. చేతికందాక బంతి ఐదు చోట్ల బిగియాలి. ముందు మొన మీద వేళ్ళు, కింద అరచెయ్యి, పక్కన ముంజెయ్యి, వెనక మొనకి మోచేతి మడత, లోపలివైపు పక్కటెముకలు. ఇందులో ఒక్కటి వదులైనా బంతి ఊడుతుంది. మామూలుగా ముందు ఊడేది మోచెయ్యి. పరుగు జోరులో అది ఒంటికి దూరంగా జరుగుతుంది, ఆ సందులోంచి వెనకనుంచి వచ్చేవాడు గుద్దుతాడు. మొదట పట్టుకున్నవాడు మనిషిని పట్టుకుంటాడు, రెండోవాడు బంతినే కొడతాడు. అందుకే పక్కగీత వైపు పరిగెత్తేటప్పుడు బంతి గీత వైపు చేతిలో ఉండాలి, జనం మధ్యకి వెళితే రెండు చేతులూ దాని మీద ఉండాలి. బంతి జారవిడవడాన్ని ఫంబుల్ అంటారు. ఎంత వేగం ఉన్నా, వారం వారం జారవిడిచేవాణ్ణి ఏ కోచ్ కూడా ఆడనివ్వడు.

ఇప్పుడు అసలు మీరడిగిన దానికి వస్తాను. మోకాలో మోచెయ్యో నేలకి తగిలే వేళకి బంతి ఎక్కడుందో, తరవాతి ప్రయత్నం అక్కణ్ణుంచి మొదలవుతుంది. కనక పడటం తప్పు కాదు, వెనక్కి పడితే నష్టం. ఒంటిని వంచి, భుజాలు ఎదుటివాడి భుజాలకన్నా కిందికి ఉంచి, ఢీకొన్నాక కూడా కాళ్ళు ఆడిస్తూనే ఉంటే మనిషి ముందుకే పడతాడు. ఒకటిన్నర గజం అక్కడే కలిసొస్తుంది. నిటారుగా పరిగెత్తేవాడు దెబ్బ తగిలిన చోటే వెల్లకిలా పడతాడు. ఆ ఒకటిన్నర గజాన్ని 4,409తో గుణించి చూడండి, ఎమిట్ స్మిత్ గొప్పతనం ఎక్కడుందో తెలుస్తుంది.

2002 అక్టోబర్ 27న ఇర్వింగ్‌లో జరిగిన ఆట దీనికి మంచి ఉదాహరణ. అప్పటి టెక్సాస్ స్టేడియాన్ని 2010లో కూల్చేశారు గాని, ఆ ఊరు మీకు తెలిసిందే. అంతకుముందు రికార్డు వాల్టర్ పేటన్‌ది, 16,726 గజాలు. పేటన్ షికాగో తరఫున పదమూడేళ్ళు ఆడి, 1999లో నలభైఐదేళ్ళకే కన్నుమూశాడు. ఆ లెక్క దాటడానికి ఆ రోజు స్మిత్‌కి 93 గజాలు కావాలి. నాలుగో క్వార్టర్లో ఎడమవైపు గండిలోంచి బయటపడుతుంటే ఎవరి చెయ్యో కాలికి తగిలి తూలాడు. ఒక చెయ్యి నేలకి ఆనించి నిలదొక్కుకుని, మొత్తం పదకొండు గజాలు లాగి పడ్డాడు, ఆ పరుగుతోనే రికార్డు దాటేశాడు. అరచెయ్యి ఆనితే ఆట ఆగదు, మోకాలో మోచెయ్యో ఆనితేనే ఆగుతుంది. అప్పటికి ఆట మానేసి వ్యాఖ్యాతగా వచ్చిన జాన్‌స్టన్‌ని వాటేసుకుని ఏడ్చాడు. ఆ రోజు డల్లాస్ 17-14తో సియాటిల్ చేతిలో ఓడిపోయింది.

ఇదంతా ఏదో రాసిపెట్టి ఉన్నట్టు జరగలేదు. ఫ్లోరిడాలో పెన్సకోలా అనే ఊరి కుర్రాడు. హైస్కూల్లోనే 8,804 గజాలు పరిగెత్తాడు. అయినా పొట్టి అన్నారు, వేగం చాలదన్నారు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. కాలేజీలో మూడేళ్ళు ఆడాక 1990 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోట, పదహారుమందిని ఎంచుకున్న తరవాత పదిహేడోవాడిగా డల్లాస్ తీసుకుంది. మొదటి ఏడు 937 గజాలు. ఆ తరవాత పదకొండు సీజన్లు వరసగా వెయ్యి దాటించాడు. 1995లో అయితే 1,773 గజాలు, 25 టచ్‌డౌన్లు. ఏటా జరిగే ఆఖరి పోటీ సూపర్ బౌల్‌ని మూడుసార్లు గెలిచాడు. ఎప్పుడో అమ్మకిచ్చిన మాట కోసం, ఇంత పేరొచ్చాక కూడా ఆటలేని నెలల్లో కాలేజీకి వెళ్ళి 1996లో డిగ్రీ పూర్తి చేశాడు. మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదీ.

1994 జనవరి 2న న్యూజెర్సీలో జెయింట్స్‌తో జరిగిన ఆట గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఆట మధ్యలో కుడిభుజం కీలు విడిపోయింది. అయినా ఆగకుండా, ఆ రోజు మొత్తం 32 సార్లు పరిగెత్తి 168 గజాలు, పది క్యాచ్‌లు పట్టి మరో 61 గజాలు తెచ్చాడు. అదనపు సమయంలో 16-13తో గెలిపించాడు. ఆ తెగువకి నేనూ చేతులు జోడిస్తాను. కాని మీరు అలా చెయ్యకండి. ఆయన చుట్టూ డాక్టర్లున్నారు, అది ఆయన జీతం. ఆడుకునేటప్పుడు మీకు భుజం గాని మోకాలు గాని నొప్పెట్టినా, తల తగిలి కళ్ళు బైర్లు కమ్మినా అక్కడికక్కడే ఆపి పెద్దవాళ్ళకి చెప్పాలి. ఇది మాత్రం నా ఆజ్ఞ అనుకోండి.

ఎందుకంటే నీళ్ళకి దెబ్బలు తగలవు, మనిషికి తగులుతాయి. ఈ స్థానంలో చాలామంది మూడేళ్ళు కూడా నిలబడరు. డెన్వర్‌కి ఆడిన టెరెల్ డేవిస్‌ని 1995లో ఎవరికీ పెద్దగా పట్టని 196వ స్థానంలో తీసుకున్నారు. 1998లో ఒక్క సీజన్లోనే 2,008 గజాలు పరిగెత్తాడు. మరుసటి ఏడు, అవతలివాళ్ళు లాక్కున్న బంతిని ఆపబోయి మోకాలి కట్లు తెంచుకున్నాడు. ఇంకో రెండేళ్ళు తంటాలు పడి మానేశాడు. డెట్రాయిట్‌కి ఆడిన బ్యారీ శాండర్స్ పదేళ్ళలో 15,269 గజాలు చేసి, ఇంకా ఆడే సత్తువ ఉండగానే 1999లో తనంతట తనే తప్పుకున్నాడు. ఈ ముగ్గురిలో ఎవరు గొప్పంటే నేను చెప్పను. దెబ్బ తప్పించుకోవడంలో శాండర్స్‌ని మించినవాడు లేడు, దెబ్బ తిని ముందుకి పడటంలో స్మిత్‌ని మించినవాడు లేడు.

2003లో డల్లాస్ వదిలేస్తే స్మిత్ అరిజోనాకి వెళ్ళాడు. ఆ ఏడే పాత స్టేడియంలో పాత జట్టు మీద ఆడి, ఆరు పరుగులకి గజం నష్టపోయి, భుజం వెనక ఎముక విరగ్గొట్టుకున్నాడు. అక్కడితో ఆపుతాడని చాలామంది అనుకున్నారు. మళ్ళీ వచ్చి 2004లో ముప్పైఐదేళ్ళ వయసులో ఆఖరి సీజన్ ఆడాడు. ఎన్ని గజాలో తెలుసా? 937. మొదటి ఏడు ఎన్నో, సరిగ్గా అన్నే. ఇది ఎలా కుదిరిందో నాకు చెప్పడం చేతకాదు, ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

రన్నింగ్ బ్యాక్‌కి ఇంకో పని ఉంది, టీవీలో ఎవరూ పొగడరు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేటప్పుడు ఆయన మీదికి ఉరికొచ్చేవాణ్ణి అడ్డుకోవాలి. లోపలినుంచి వచ్చేవాణ్ణి ముందు ఆపాలి, ఎందుకంటే వాడి దారి దగ్గర. కొత్త కుర్రాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టేది ఎక్కువగా ఈ పని రాకే.

వచ్చే ఆదివారం ఆట చూసేటప్పుడు ఒక పని చెయ్యండి. బంతిని పట్టించుకోకండి. బంతి కదలగానే ఆ ఐదుగురినీ చూడండి. వాళ్ళు ముందుకి తోస్తే పరుగు, వెనక్కి లేస్తే విసురు. గార్డు తన చోటు వదిలి పక్కకి పరిగెత్తాడా, గండి పడబోయేది అటే. ఆ తరవాత రన్నింగ్ బ్యాక్‌ని మొదట తాకినవాడు ఎక్కడ తాకాడు, మోకాలు ఎక్కడ ఆనింది, ఈ రెంటికీ మధ్య ఎన్ని గజాలో అంచనా వెయ్యండి. మైదానంలో గజానికో చిన్న గీత ఉంటుంది కనక కష్టమేమీ కాదు. ఒక ఆటంతా అలా రాసిపెట్టి నాకు పంపండి, కలిసి కూడుదాం.

మీ తాతయ్య