చెక్‌పోస్టు దగ్గర మలేరియా ఆగుతుందా? అపోహలు - వాస్తవాలు

తెలంగాణలో మిర్చి ఏరే పనులు ముగించుకొని కూలీలు గోదావరి వంతెన దాటి తిరిగివచ్చే రోజులకు ముందు, మహారాష్ట్ర వైపున్న సిరొంచ ప్రాంతపు చెక్‌పోస్టు సిబ్బందికి నేను మలేరియా గురించి శిక్షణ ఇస్తుంటాను. పోలీసులు, అటవీ సిబ్బంది కూర్చున్న ఆ గదిలో ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఒళ్లు కాలుతున్నవాళ్లను ఇక్కడే ఆపి వెనక్కి పంపితే రోగం లోపలికి రాదు కదా?"

ఈ ఒక్క అపోహ వల్ల జరిగినంత నష్టం మిగతావన్నీ కలిపినా జరగలేదు. దోమ కుట్టిన తరువాత పీఎఫ్ (ప్లాస్మోడియం ఫాల్సిపారమ్ అనే ప్రమాదకరమైన రకం మలేరియా) జ్వరం బయటపడడానికి సాధారణంగా 9 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి, నిన్న మొన్న కుట్టించుకున్న మనిషి నుదుటి మీద థర్మల్ గన్ పెడితే అది ఏమీ చూపించదు. జ్వరం మొదలైనవారికి కూడా చలి, వేడి, చెమట వరుస ముగిశాక ఒళ్లు మామూలుగా చల్లబడుతుంది; పైగా పారాసెటమాల్ ఎక్కడైనా దొరుకుతుంది. ఇక రోగం "లోపలికి రావడం" అనే మాట గడ్చిరోలి జిల్లాలో కూర్చొని అనవలసినది కాదు. మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా ఉన్న జిల్లాల్లో మనది ఒకటి. మన అడవి పల్లెలో ఒంట్లో చేరిన క్రిమి అవతల మిర్చి చేలో జ్వరంగా బయటపడిన సందర్భాలు నాకు చాలా తెలుసు.

కొన్నేళ్ల క్రితం ఒక కూలీల జట్టు వ్యానులో తిరిగి వస్తుండగా, అందులో ఒకతను మూడు రోజులుగా జ్వరంతో ఉన్నప్పటికీ, వంతెన వచ్చే ముందు మాత్ర మింగించి, దుప్పటి తీసేసి, అందరి మధ్య కూర్చోబెట్టారు. తనిఖీలో ఏమీ తేలలేదు. మరునాటి రాత్రి అతన్ని స్పృహ లేని స్థితిలో మా దగ్గరకు తెచ్చారు. తీవ్రమైన మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్లతో బతికాడు గానీ, ఎందుకు దాచారని అడిగినప్పుడు అతని భార్య తమ గిరిజన భాష మాడియాలో చెప్పిన జవాబును మేస్త్రీ తెలుగులో ఇలా వినిపించాడు: "జరమని చెప్తే దించేస్తరని భయపడ్డది సార్." ఆమెను తప్పుపట్టే నోరు నాకు లేదు. గోడ మీద మరాఠీ పోస్టరు, ఎదురుగా యూనిఫాం, పిల్లలతో నడిరోడ్డు మీద దిగిపోతామన్న దిగులు ఉన్నచోట ఎవరైనా దాస్తారు.

అందుకే గన్‌ను పక్కన పెట్టి, గత రెండు వారాల్లో చలిజ్వరం వచ్చిందా, మాత్రలు ఇచ్చి ఉంటే పూర్తిగా మింగారా అని మేస్త్రీ ద్వారా అడగమంటున్నాను. వచ్చిందని చెప్పినవారికి అక్కడే ఆర్‌డీటీ (చుక్క రక్తంతో చేసే తక్షణ మలేరియా పరీక్ష) చేయిస్తే ఇరవై నిమిషాల లోపే ఫలితం తెలుస్తుంది. పాజిటివ్ వచ్చి, మనిషి పూర్తి స్పృహలో ఉంటే మందు మొదలుపెట్టి, ఊరి ఆశా కార్యకర్తకు కబురుచేసి ఇంటికి పంపవచ్చు. మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా వాహనాన్ని నేరుగా ఆసుపత్రికి మళ్లించాలి. ఆర్‌డీటీ నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పరీక్షించాలి.

పక్కన కూర్చుంటే అంటుతుందనేది వట్టి పుకారు. అనాఫిలిస్ దోమ కుట్టనిదే ఇది మామూలుగా ఒకరి నుంచి ఒకరికి రాదని, బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో క్రిమిని చూసిన నాటి నుంచి మనవాళ్లకు తెలిసి ఉండవలసిన సంగతి. కొత్త నీళ్లు పడక జ్వరం వచ్చిందనే మాట కూడా అలాంటిదే. జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేయడం మాత్రం చిన్న తప్పు కాదు: పీవీ (ప్లాస్మోడియం వైవాక్స్ అనే మరో రకం మలేరియా) క్రిమి కాలేయంలో నిద్రపోతుంది గనుక, దాన్ని చంపే 14 రోజుల ప్రైమాక్విన్ మధ్యలో వదిలినవారికి నెలల తరువాత మళ్లీ జ్వరం రావచ్చు. గర్భిణులకు ఆ మందు ఇవ్వకూడదు.

ఇది మా వైద్య సిబ్బందికే చెప్పవలసిన మాట: పీఎఫ్ నయమైన తరువాత కూడా కొన్ని వారాలపాటు ఆర్‌డీటీ పాజిటివ్‌గానే చూపించవచ్చు. మందు పూర్తిగా వాడి కోలుకున్న కూలీ తిరుగు ప్రయాణంలో పరీక్షలో పాజిటివ్ గీత రెండోసారి కనిపించగానే మళ్లీ ఏసీటీ (పీఎఫ్‌కు ఇచ్చే ఆర్టిమిసినిన్ రకపు మిశ్రమ మందు) చేతిలో పెట్టకుండా, రక్తపు పూతను మైక్రోస్కోపు కింద చూడడానికి పంపండి.