మాత్ర చవకే, లెక్కే దొరకట్లేదు: సీఏహెచ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: సీఏహెచ్‌కి (పుట్టుకతోనే వచ్చే అడ్రినల్ గ్రంథి జబ్బు) మందు ఉంది, అదీ చవకే. ఇంకా పరిశోధనకు డబ్బులెందుకు?

వాస్తవం: నా దగ్గరికి వచ్చే ఒక తల్లి 10 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ (ఈ జబ్బుకు వాడే స్టెరాయిడ్) మాత్రను స్టీలు పళ్లెంలో పెట్టి బ్లేడుతో నాలుగు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క ఎప్పుడూ పొడైపోతుంది. ఆ పూట పాపకు ఎంత మందు అందిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఈ పిల్లల్లో కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి, ఒంటికి తప్పనిసరైన కార్టిసాల్ అనే హార్మోన్‌ను సరిపడా తయారు చేయలేదు; ఆ లోటు తీర్చేదే ఈ మాత్ర. కార్టిసాల్‌కు బదులుగా మగ హార్మోన్లు ఎక్కువగా తయారవుతాయి. మామూలుగా కార్టిసాల్ తెల్లవారుజామున పెరుగుతుంది. రాత్రి వేసిన మాత్ర ప్రభావం అప్పటికి అయిపోతుంది. పోనీ మోతాదు పెంచుదామా అంటే బరువు పెరిగి ఎదుగుదల ఆగుతుంది. తగ్గిస్తే మగ హార్మోన్లు పెరిగి ఎముకలు ముందే ముదిరిపోతాయి. ఎటు తప్పినా బిడ్డ పొట్టిగానే మిగిలిపోతుంది! 1950లో అమెరికాలో పిల్లల హార్మోన్ల డాక్టరు లాసన్ విల్కిన్స్ కార్టిసోన్‌ అనే స్టెరాయిడ్‌తో మొదలుపెట్టిన దారిలోనే ఇంకా నడుస్తున్నాం. పేటెంట్ ఎప్పుడో తీరిపోయిన పాత మందు మీద ఏ కంపెనీ ఖర్చు పెడుతుంది? అందుకే ప్రభుత్వమో, దాతలో ముందుకు రావాలంటాను.

అపోహ: మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయిస్తే చాలు.

వాస్తవం: రాత్రి బస్సెక్కి వచ్చిన కుటుంబం ల్యాబ్‌కి చేరేసరికి పదకొండవుతుంది. పొద్దున మాత్ర ఏడింటికే వేసేశారు. అప్పుడు తీసిన రక్తంలో 17-ఓహెచ్‌పీ (జబ్బు అదుపు తప్పితే పెరిగే హార్మోన్) తక్కువగా వస్తే, తెల్లవారుజామున ఎంత ఉందో ఎలా చెప్పను? ఇంట్లోనే వేలి నుంచి ఫిల్టర్ పేపర్ మీద తీసిన రక్తపు చుక్కలు గానీ, ఉమ్మి గానీ పోస్టులో పంపి రోజులో మూడు నాలుగు సమయాల లెక్క తేల్చవచ్చు. దీన్ని మన పిల్లల మీద పరీక్షించి, మన ల్యాబుల్లో నిలబెట్టడానికే నిధులు కావాలి. కొత్త మందుల కన్నా ముందు నేను అడిగేది ఇదే.

అపోహ: ఇంత అరుదైన జబ్బు మన దగ్గర ఎంతమందికి ఉంటుంది?

వాస్తవం: హైదరాబాద్ సహా ఐదు నగరాల్లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లక్షకు పైగా నవజాత శిశువులను పరీక్షిస్తే సుమారు 5,762 మందిలో ఒకరికి తేలింది. అయినా దేశమంతటా పుట్టగానే పరీక్షించే ఏర్పాటు లేదు.

అపోహ: కొత్త మందు వచ్చేసిందిగా, ఇక స్టెరాయిడ్ మానేయొచ్చు.

వాస్తవం: మానకండి. అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతి పొందిన క్రైనెసర్‌ఫాంట్‌ను స్టెరాయిడ్‌తో పాటే వాడాలి. మోతాదు తగ్గించుకోవడానికి పనికొస్తుంది, అంతే. జ్వరం వస్తే డాక్టరు రాసిచ్చిన ప్రకారం మోతాదు పెంచాల్సిందే. వాంతులై మాత్ర నిలవకపోతే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వేసి వెంటనే ఆస్పత్రికి రండి, తెల్లారేదాకా చూడొద్దు.